పెళ్లి రజతోత్సవ నాణెం వెండిదేనా? 1972 బ్రిటిష్ క్రౌన్‌ను గుర్తించి, పరీక్షించి, భద్రపరిచే పద్ధతి

లండన్‌లో పనిచేసి వచ్చిన పెదనాన్న ఇచ్చారనో, బీరువా అడుగున పాత ఉత్తరాల మధ్య దొరికిందనో చెబుతూ ఒక పెద్ద నాణెం ఫోటో పంపుతారు. ఒకవైపు ఎలిజబెత్ రాణి తల, రెండోవైపు పూలదండ, కిరీటం. ఫోటో కింద ఎప్పుడూ అవే మూడు ప్రశ్నలు. ఇది వెండిదేనా? ఎంత పలుకుతుంది? మెరిసేలా ఎలా తోమాలి?

చిక్కేమిటంటే, అడిగేవారిలో సగం మంది మూడో పని అప్పటికే చేసేసి ఉంటారు. అందుకే ఈ మార్గదర్శిలో ఏం చేయాలన్నదానితో పాటు, ఏ పని తరువాత ఏ పని చేయాలన్నదీ ముఖ్యమే. మొదట చూడాలి, తరువాత కొలవాలి, ఆ తరువాత పరీక్షించాలి. తోమడం మాత్రం ఏ దశలోనూ లేదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

నాణేన్ని పెట్టెలోంచి తీయకముందే ఇవన్నీ బల్ల మీద ఉండాలి. నాణెం చేతిలో పట్టుకుని వంటింట్లో కాటా వెతుకుతూ తిరిగేటప్పుడే అది జారిపడుతుంది.

- మెత్తని తువ్వాలు, రెండు మడతలు వేసి పరిచినది
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా (కూరగాయలు తూచేది పనికిరాదు)
- మిల్లీమీటర్లు చూపే కొలత పరికరం, వెర్నియర్ అయితే మంచిది
- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- గాజు గ్లాసు, డిస్టిల్డ్ వాటర్, సన్నని నూలు దారం
- కాగితం, పెన్సిల్

బల్ల మీద ఉండకూడనివి కూడా చెప్పాలి: కాఫీ కప్పు, పళ్లపొడి, చింతపండు, విభూతి, నిమ్మచెక్క. వెండి సామాను తోమే అలవాటు మన ఇళ్లలో బలంగా ఉంది కాబట్టి పేరుపేరునా చెబుతున్నాను.

## 2. పట్టుకునే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి. బొమ్మ మీద, ఖాళీగా మెరిసే భాగం మీద వేలు పడకూడదు. చెమటలోని ఉప్పు, కొవ్వు ఈరోజు కనిపించవు. కొన్ని నెలల తరువాత వేలిముద్ర గోధుమరంగులో తేలుతుంది, ఇక పోదు.

నూలు చేతిజోళ్లు వాడమని చాలామంది చెబుతారు. నా అనుభవంలో ఈ బరువైన నాణెం వాటిలోంచి జారుతుంది. శుభ్రమైన పొడి వేళ్లే మేలు. ఎప్పుడూ తువ్వాలు పైనే, బల్లకు దగ్గరగా పట్టుకుని చూడండి.

నాణెం ప్లాస్టిక్ డబ్బీలో గానీ, సీలు వేసిన సెట్‌లో గానీ ఉంటే తెరవకండి. గుర్తింపు, ఫోటోలు అన్నీ బయటినుంచే కానివ్వండి.

## 3. అదే నాణెమా? ముద్రణను చదవడం

ఎలిజబెత్, ఫిలిప్‌ల పెళ్లి 1947 నవంబర్ 20న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో జరిగింది. పాతికేళ్లు నిండినప్పుడు, 1972లో, ఈ నాణెం వచ్చింది. భూతద్దంతో ఇవి వరుసగా సరిచూసుకోండి.

బొమ్మ వైపు: రాణి తల కుడివైపు తిరిగి ఉంటుంది, తలపై చిన్న కిరీటం. చుట్టూ ఎలిజబెత్ పేరు, లాటిన్ బిరుదుల పొడి అక్షరాలు. ఈ వైపు సంవత్సరం ఉండదు. లేదని కంగారుపడి నకిలీ అనుకోకండి.

బొరుసు వైపు: రాజదంపతుల పేర్లలోని మొదటి అక్షరాలు ఇ, పి (ఇంగ్లిష్ లిపిలో), వాటిపై కిరీటం, పూలదండ, మధ్యలో ఎరోస్, అంటే గ్రీకుల మన్మథుడు. చుట్టూ ఇద్దరి పేర్లు, 20 నవంబర్, 1947-1972. రెండు వైపులా రూపకర్త ఆర్నాల్డ్ మేచిన్.

విలువ: నాణెం మీద ఎక్కడా ముద్రించలేదు. పాత లెక్కలో క్రౌన్ అంటే ఐదు షిల్లింగులు. 1971లో దశాంశ పద్ధతి వచ్చాక అది 25 పెన్నీలు, అంటే పావు పౌండు.

అంచు: చుట్టూ నిలువు గీట్లు ఉండాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, 1977 నాటి క్రౌన్‌ను దీనితో కలిపేయడం. అదీ రజతోత్సవ నాణెమే, కానీ పెళ్లిది కాదు. రాణి సింహాసనమెక్కి పాతికేళ్లయిన సందర్భానిది. అందులో రాణి గుర్రంపై కూర్చుని ఉంటుంది. ఒక్క గుర్రం చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

రెండోది, 1981 నాటి చార్లెస్, డయానాల నాణెం. అది పెళ్లి నాణెం, వార్షికోత్సవ నాణెం కాదు. దాని మీద ఇద్దరి తలలూ పక్కపక్కన ఉంటాయి.

మూడోది కాస్త సూక్ష్మం. 1972లో ఇదే సందర్భానికి జెర్సీ, గర్న్సీ, ఐల్ ఆఫ్ మ్యాన్, జిబ్రాల్టర్, బెర్ముడా కూడా సొంత నాణేలు వేశాయి. నాణెం మీద ఏదైనా దీవి లేదా ప్రాంతం పేరు కనిపిస్తే, ఇక్కడ చెప్పే తూకాలు, కొలతలు దానికి వర్తింపజేయకండి. జెర్సీ అయితే ఆ ఏడాది వెండి, బంగారు నాణేలు రెండూ వేసింది కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

తరువాతి వార్షికోత్సవాలకూ, అంటే 1997, 2007, 2017లలో, ఐదు పౌండ్ల క్రౌన్లు వచ్చాయి. పెద్దగా గందరగోళం ఉండదు, వాటి మీద రాణితో పాటు ఫిలిప్ ముఖం కూడా కనిపిస్తుంది.

## 4. కొలవడం, తూచడం

| అంశం | ఉండవలసింది |
|---|---|
| వ్యాసం | 38.61 మి.మీ. |
| బరువు | 28.28 గ్రాములు |
| అంచు | నిలువు గీట్లు |

అంచనా కోసం చెబుతున్నాను: మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మి.మీ. దాని పక్కన ఇది చిన్న పళ్లెంలా కనిపిస్తుంది.

1. కాటాను చదునైన చోట పెట్టి, ఫ్యాను ఆపండి. గాలికి చివరి అంకె నిలవదు.
2. సున్నా చూపాక నాణేన్ని మెల్లగా ఉంచండి.
3. మూడుసార్లు తూచి మూడు అంకెలూ రాసుకోండి.
4. వ్యాసం కొలిచేటప్పుడు పరికరం కొనలతో అంచును నొక్కకండి, తాకీ తాకనట్టు ఉండాలి.

అరుగుదల వల్ల కొద్దిపాటి తేడా సహజం. బరువు అర గ్రాము కంటే ఎక్కువ తేడా చూపితే మొదట కాటాను అనుమానించండి. తెలిసిన నాణెం ఒకటి తూచి చూడండి. కాటా సరిగా ఉందని తేలాకే నాణేన్ని అనుమానించాలి.

## 5. వెండా, కాదా?

అసలు సంగతి ఇదే. రజతోత్సవం అన్న పేరులో రజతం ఉంది, లోహంలో ఉండాలని లేదు. 1972లో మామూలుగా ముద్రించిన 74 లక్షలకు పైగా నాణేలు కుప్రోనికెల్‌వి. అంటే నూటికి 75 వంతులు రాగి, 25 వంతులు నికెల్. వెండి ఒక్క చుక్క లేదు. వెండి ప్రూఫ్‌లు (సేకరించేవారి కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి) వేరుగా ఒక లక్ష వేశారు. కుప్రోనికెల్‌లోనే ప్రూఫ్ నాణేలు మరో లక్షన్నర ఉన్నాయి. కాబట్టి ఎవరి ఇంట్లోనైనా యథాలాపంగా దొరికింది కుప్రోనికెల్‌దే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

రెండింటి వ్యాసం, బరువు ఒకటే. అందుకే నాలుగో దశలో తూచిన తూకం వెండి సంగతి చెప్పదు. చాలామంది ఇక్కడే "28 గ్రాములు తూగింది, వెండే" అని సంబరపడతారు.

### పనికిరాని పరీక్షలు

- అయస్కాంతం: వెండికి అంటుకోదు, ఈ కుప్రోనికెల్‌కూ అంటుకోదు. అంటుకుంటే ఇనుప నకిలీ అని తెలుస్తుంది, అంతే.
- 925 ముద్ర వెతకడం: బ్రిటిష్ వెండి నాణేల మీద ఆ అంకె వేయరు. లేనంత మాత్రాన వెండి కాదనలేం. కొత్తగా ఎవరో కొట్టిన 925 అంకె కనిపిస్తే మాత్రం దూరంగా ఉండండి.
- రాతి మీద వేసి మోగించడం: అంచు నొక్కుకుపోతుంది. పెద్దలు వెండి రూపాయిని అలా చూసేవారు, నిజమే. అది ఖర్చు పెట్టుకునే డబ్బు, దాచుకునే నాణెం కాదు.
- గీటురాయి, ఆమ్లం: అంగడిలో అలవాటుగా గీటు పెట్టేస్తారు. నాణెం ఇవ్వకముందే "గీయవద్దు" అని స్పష్టంగా చెప్పండి.

### పనికివచ్చే పరీక్ష: నీటి తూకం

వెండి కుప్రోనికెల్ కంటే సాంద్రమైన లోహం. బరువు ఒకటే కాబట్టి వెండి నాణెం పలచగా ఉంటుంది, తక్కువ నీటిని తొలగిస్తుంది. ఆ తేడా మన చిన్న కాటాకు చక్కగా అందుతుంది. డబ్బీలో లేని, ఇదివరకే చేతులు మారిన నాణేలకే ఈ పరీక్ష చేయండి. అద్దంలా మెరిసే ప్రూఫ్‌కు వద్దు, నీటి మరక పడుతుంది.

1. గ్లాసులో మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ పోసి కాటా మీద పెట్టండి. గ్లాసు, నీళ్ల బరువు మీ కాటా మోయగలిగినంతలో ఉండాలి. గ్లాసు నాణెం పట్టేంత వెడల్పుంటే చాలు.
2. మీట నొక్కి అంకెను సున్నాకు తెండి.
3. నాణెం చుట్టూ దారాన్ని పొట్లానికి కట్టినట్టు నిలువుగా, అడ్డంగా చుట్టి, పైన ముడి వేయండి.
4. దారం పట్టుకుని నాణేన్ని నీటిలో పూర్తిగా ముంచండి. అడుగుకు, గోడలకు తగలకూడదు. ఇదే కీలకం. అడుగుకు తగిలితే కాటా మొత్తం బరువు చూపిస్తుంది.
5. గాలి బుడగలు అంటుకుంటే మెల్లగా కదిపి వదిలించండి.
6. కాటా మీది అంకె రాసుకోండి.

కుప్రోనికెల్ అయితే ఆ అంకె 3.1 నుంచి 3.2 మధ్య ఉంటుంది. వెండి ప్రూఫ్ అయితే సుమారు 2.7. మధ్యలో 2.9, 3.0 లాంటి అంకె వస్తే తొందరపడి ఏ తీర్పూ ఇవ్వకండి. బుడగలు, చెయ్యి వణకడం, దారం మరీ లావుగా ఉండటం, వీటిలో ఏదో ఒకటి కారణం అయి ఉంటుంది. మళ్లీ చేయండి.

ముందు సాధన కావాలంటే లక్ష్మీపూజలో పెట్టే పాత వెండి రూపాయి ఒకటి తీసుకోండి. విక్టోరియా కాలం నాటిదైతే బరువు 11.66 గ్రాములు, నీటి తూకం సుమారు 1.1 రావాలి. అది సరిగా వచ్చిందంటే మీ చెయ్యి కుదిరినట్టే.

పరీక్ష అయ్యాక నాణేన్ని తువ్వాలు మీద పెట్టి, మరో మడతతో అద్దండి. రుద్దకండి.

### రెండో అభిప్రాయం

ఊళ్లో హాల్‌మార్కింగ్ కేంద్రం గానీ, ఎక్స్‌రే యంత్రం ఉన్న నగల దుకాణం గానీ ఉంటే అక్కడ చూపించండి. నాణేనికి గీత పడకుండా లోహాల శాతం చెబుతుంది. వెండిది అయితే 92.5 దగ్గరగా రావాలి. అయితే ఆ యంత్రం చూసేది పైపొరనే. పైన వెండి పూత పూసి ఉంటే మోసపోతుంది. నీటి తూకం, యంత్రం చెప్పిన శాతం, రెండూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

## 6. మామూలుదా, ప్రూఫా?

దీపం కింద నాణేన్ని కొద్దికొద్దిగా వాల్చి చూడండి. ప్రూఫ్‌లో ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది, మీ కనుబొమలు కూడా కనిపిస్తాయి. అక్షరాల అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉంటాయి. మామూలు నాణెంలో వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది, ప్రతిబింబం మసకగా ఉంటుంది.

మామూలు నాణేల మీద చిన్న చిన్న నొక్కులు సాధారణం. టంకశాలలో ఒకదాని మీద ఒకటి పడటం వల్ల ఏర్పడేవి అవి. బుగ్గ మీద, ఖాళీ భాగంలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

ఇంకొకటి. బంగారు పూత పూసిన క్రౌన్లు, రంగులు అద్దినవి, గొలుసుకు కట్టుకునేలా కొక్కెం అతికించినవి దొరుకుతుంటాయి. అవి టంకశాల పని కాదు, తరువాత ఎవరో చేసినవి. సేకరించేవారి దృష్టిలో అవి పాడైన నాణేలే.

## 7. శుభ్రం చేయడం గురించి

చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి మొదటి క్రౌన్ వచ్చినప్పుడు, బూడిదరంగు పట్టిందని విభూతితో తోమాను. అరగంట కష్టపడ్డాను. అద్దంలా అయిందని మురిసిపోయి, ఒక అనుభవజ్ఞుడికి చూపించాను. ఆయన భూతద్దం కూడా తీయలేదు. కిటికీ దగ్గర ఒకసారి వాల్చి, "తోమారా?" అన్నారు. వేల సన్నగీతలు ఒకే దిక్కున మెరుస్తున్నాయి. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికైనా చూపించి చెప్పడానికి.

టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం మీద సూక్ష్మమైన గీతలు ఏర్పడతాయి. సహజమైన మెరుపు వాటిదే. తోమితే అవి పోతాయి, మళ్లీ రావు. చింతపండు, నిమ్మరసం లోహాన్ని తింటాయి. పళ్లపొడి, విభూతి గీస్తాయి. సోడా ఉప్పు, అల్యూమినియం రేకు చిట్కా వెండి గ్లాసులకు పనికొస్తుంది, నాణేలకు వద్దు.

ఒక్క సందర్భంలో మాత్రం జోక్యం తప్పదు. మెత్తని పాత ప్లాస్టిక్ కవర్లలో పీవీసీ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి నాణెం మీద పచ్చగా, జిగటగా పేరుకుంటుంది. వదిలేస్తే లోహాన్ని తొలుస్తుంది. అప్పుడు ఇలా చేయండి.

1. స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చుకోండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం కాదు, అందులో నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి.
2. కిటికీలు తెరవండి. పొయ్యి, దీపం, అగరువత్తి ఆర్పేయండి. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది.
3. గాజు గిన్నెలో పోసి నాణేన్ని ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ గిన్నె వాడితే గిన్నే కరగవచ్చు.
4. మరో గిన్నెలో కొత్త అసిటోన్ పోసి ఒకసారి ముంచి తీయండి. ఈ రెండో మునక మానేస్తే మురికి పొరలా ఆరిపోతుంది.
5. తువ్వాలు మీద దానంతట అదే ఆరనివ్వండి.

దీనికి కూడా వదలని పచ్చదనం చిలుము అయి ఉంటుంది. దాన్ని గోటితో గీకకండి, అనుభవం ఉన్నవారికి చూపించండి.

## 8. దాచే పద్ధతి

- గట్టి అక్రిలిక్ డబ్బీ, 39 మి.మీ. కొలతది. 38 అయితే పట్టదు, 40 దాటితే నాణెం లోపల ఆడుతుంది.
- డబ్బీ దొరక్కపోతే మైలార్ కవరు. ముట్టుకుంటే కరకరలాడుతుంది. మెత్తగా సాగేదైతే అది పీవీసీ, కొనకండి.
- డబ్బీతో పాటు చిన్న సిలికా జెల్ పొట్లం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో దీన్ని మరవకండి. రంగు మారే గింజలైతే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి.
- దూరంగా ఉంచవలసినవి: రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికలు, కలరా ఉండలు, ఉన్ని బట్టలు. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ప్రూఫ్ నాణేనికి అసలు పెట్టె, ధ్రువపత్రం ఉంటే పారేయకండి. పెట్టె నలిగిపోయినా సరే.

## 9. ధర అంచనా

చట్టం ప్రకారం ఈ నాణెం విలువ 25 పెన్నీలే. 1990 నుంచి వచ్చిన క్రౌన్లకే ఐదు పౌండ్ల విలువ. 1972 నాణేన్ని ఐదు పౌండ్లని లెక్కేసుకోవడం తరచూ జరిగే పొరపాటు. పైగా చట్టబద్ధమైనదే అయినా బ్రిటన్‌లో దుకాణాలు, బ్యాంకులు ఇలాంటి నాణేన్ని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. అక్కడున్న మీ అమ్మాయికి పంపి మార్పించుకుందామనుకుంటే రానుపోను ఖర్చులే మిగులుతాయి.

కుప్రోనికెల్ నాణెం లక్షల్లో ఉంది కాబట్టి దానికి అరుదైన ధర ఉండదు. జ్ఞాపకంగా దాచుకోండి.

వెండి ప్రూఫ్‌కు కనీస లెక్క ఒకటి ఉంది. 28.28 గ్రాములను 0.925తో గుణిస్తే 26.16 గ్రాముల స్వచ్ఛమైన వెండి. ఆరోజు గ్రాము ధరతో గుణించండి. ఉదాహరణకు గ్రాము 100 రూపాయలు అనుకుంటే 2,616. పెట్టె, పత్రం, మచ్చలేని ముఖం ఉంటే దానిపైన ఎంతోకొంత.

ధర చూసేటప్పుడు అడిగిన ధరలను కాదు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలను చూడండి. ఎవరైనా తన నాణేనికి పది లక్షలని రాసుకోవచ్చు, రాసుకోవడానికి ఖర్చేముంది?

## 10. అమ్మేముందు

- రెండు వైపులా, అంచు ఒకసారి, పగటి వెలుతురులో ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు.
- వర్ణనలో "రజత నాణెం" అని రాయకండి. "పెళ్లి రజతోత్సవ క్రౌన్, 1972, కుప్రోనికెల్" అని రాయండి. తెలియక రాసినా కొన్నవారు తిరగబడతారు.
- తూకం, వ్యాసం, నీటి తూకం అంకెలు ఇవ్వండి.
- పాత నాణేనికి లక్షలిస్తామని చెప్పి, ముందుగా రుసుము, కమీషన్, పన్ను కట్టమంటే అది మోసం. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి, అడగకూడదు.
- ఓటీపీ, యూపీఐ పిన్ ఎవరికీ చెప్పకండి. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు.

అమ్మినా, దాచుకున్నా చిన్న చీటీ ఒకటి రాసి డబ్బీ బయట పెట్టండి. లోపల వద్దు, కాగితం నాణేనికి తగలకూడదు. నా చీటీ ఇలా ఉంటుంది:

బ్రిటన్, క్రౌన్ (25 పెన్నీలు), 1972, పెళ్లి రజతోత్సవం
కుప్రోనికెల్, మామూలు ముద్రణ
బరువు 28.26, వ్యాసం 38.6, నీటి తూకం 3.16
ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం
తోమలేదు